ఫ్యామిలీసెర్చ్ రివ్యూ: చెన్నపట్నంలో పోయిన ఒక పసివాడి లింకు డాక్యుమెంట్లు

గూడూరు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా 31 ఏళ్ళు దస్తావేజులు రాశాను. అమ్మకం, భాగపరిష్కారం, గిఫ్టు, వీలునామా, ఏది రాయించుకోవడానికి వచ్చినా నేను ముందు అడిగే మాట ఒకటే: లింకు డాక్యుమెంట్లు తెచ్చారా? ఈ స్థలం మీకు మీ నాన్న నుంచి వచ్చిందంటే, ఆయనకు ఎవరి నుంచి వచ్చింది? ఆ పైవాళ్ళకు ఎవరి నుంచి వచ్చింది? మధ్యలో ఒక్క కాగితం తెగినా, ఊళ్ళో ఎంత పెద్దమనిషి వచ్చి సాక్ష్యం చెప్పినా ఆ టైటిల్ నిలబడదు. మనుషుల వంశం కూడా అంతే అని నేను గట్టిగా నమ్ముతాను. ఆ నమ్మకంతోనే ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్‌ని ఎనిమిది నెలలు, దాదాపు ప్రతి రాత్రీ వాడాను. వంశవృక్షం వెతుక్కోవాలనుకునే మనవాళ్ళకు పనికొస్తుందని ఈ రివ్యూ రాస్తున్నాను. కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు డబ్బు సంగతి. ఫీజు లేదు. ఈమెయిల్‌తో అకౌంట్ తెరిస్తే చాలు, కార్డు నంబరు అడగరు, నెల తర్వాత బిల్లు రాదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, దీనికి ముందు నేను ఒకచోట దెబ్బ తిన్నాను. ఆ సంస్థ పేరు రాయను. మా బావ వంశవృక్షం తయారుచేసి ఫ్రేము కట్టి పంపుతామంటే 6,500 రూపాయలు కట్టాను. నెలన్నరకు ఫ్రేము వచ్చింది. చూస్తే బావ ముత్తాతకు పైన ఏకంగా విజయనగరం సేనాని ఒకాయన ఉన్నాడు. ఆధారం ఏదయ్యా అని అడిగితే "మా టీమ్ రీసెర్చ్ సార్" అన్నారు. ఒక్క కాగితం చూపించలేదు. బావ ముఖం చూడలేకపోయాను. "పోనీలే బావా, గోడకు తగిలించుకుంటాను" అన్నాడు గానీ ఆ ఫ్రేము ఇప్పటికీ అటకమీదే ఉంది. పుట్టించిన లింకు డాక్యుమెంటు మీద ఇల్లు కొన్నవాడి పరిస్థితి ఎలా ఉంటుందో నాకు తెలుసు. అదే మనసుకు తగిలింది.

ఇక అసలు విషయం. బావది మద్రాసు, జార్జిటౌన్‌లో ఇల్లు. ఆయన భాగం దావా హైకోర్టులో ఉంది. వాయిదాకు తోడుగా నేనూ వెళ్ళాను. మధ్యాహ్నం విరామంలో పక్కనే ఉన్న పాత లా కాలేజీ ఆవరణలో తిరుగుతుంటే ఒక కట్టడం కనిపించింది. చదరపు పునాది మీద కోసుగా, ఎత్తుగా లేచి ఉంది. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న సమాధి. పార్కింగ్ కట్టడానికి దాన్ని అక్కడి నుంచి తరలించాలా వద్దా అని 2023లో హైకోర్టులోనే వాదన నడిచిందని బావ చెప్పాడు.

"ఎవరిది బావా?"

"తెల్లవాళ్ళ పిల్లాడిది బావా. గవర్నరు కొడుకంట."

రాతి మీద లాటిన్. నాకు లాటిన్ రాదు. కానీ తేదీలు ఏ భాషలో ఉన్నా తేదీలే. ఇంటికొచ్చాక, 1905లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం వేసిన సమాధి శాసనాల జాబితా స్కాన్ దొరికితే అందులో పాఠం సరిచూసుకున్నాను. "హిక్ యాకెట్ దావిద్ ఫిలియుస్", అంటే ఇక్కడ పడుకున్నది డేవిడ్, ఫలానా వారి కుమారుడు. తండ్రి ఎలీహూ యేల్, మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వాళ్ళ సెయింట్ జార్జి కోటకు గవర్నరు. పుట్టింది 1684 మే 15. పోయింది 1687 జనవరి 25. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటే రెండేళ్ళ ఎనిమిది నెలలు.

ఆ లెక్క తప్పు. తప్పని ఎలా తెలిసిందో చెబితే, ఈ పనిలో ఎంత జాగ్రత్త కావాలో మీకు తెలుస్తుంది. రాయి ఆ బిడ్డ తండ్రిని గవర్నరు అంటోంది. ఎలీహూ గవర్నరు అయ్యింది 1687 జూలైలో. జనవరిలో చనిపోయిన పిల్లాడి రాతి మీద జూలైలో వచ్చిన పదవి ఎలా చెక్కారు? తర్వాతెప్పుడో చెక్కారని సరిపెట్టుకోవచ్చు. కానీ అసలు కారణం వేరు. 1752 వరకు ఇంగ్లీషు వాళ్ళకు కొత్త సంవత్సరం మొదలయ్యేది జనవరి 1న కాదు, మార్చి 25న. మనకు ఉగాది చైత్రంలో వచ్చినట్టు వాళ్ళకూ సంవత్సరాది వసంతంలోనే. కాబట్టి వాళ్ళ 1687 జనవరి అంటే 1687 జూలై తర్వాత వచ్చిన జనవరి. మన లెక్కలో 1688. పిల్లాడికి మూడేళ్ళ ఎనిమిది నెలలు. నాకు మా మనవడు గుర్తొచ్చాడు. వాడికీ అప్పుడు సరిగ్గా అంతే. చెప్పులు తిరగేసి వేసుకుని వీధిలోకి పరిగెత్తే వయసు.

ఆ వేళే అనుకున్నాను, ఈ పిల్లాడి లింకు డాక్యుమెంట్లు ఎంతవరకు వెళ్తాయో చూడాలని. మా బావకు జరిగినట్టు కాకుండా, కాగితం ఉన్నంత వరకే.

ఫ్యామిలీసెర్చ్ వెనక ఉన్నది అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ చర్చి, మామూలుగా మార్మన్లు అంటారు వాళ్ళని. 1894లో యూటాలో వంశావళి సంఘంగా మొదలైంది. 1938 నుంచి ప్రపంచమంతా తిరిగి చర్చి రిజిస్టర్లు, కోర్టు కాగితాలు మైక్రోఫిల్మ్ తీశారు. ఆ రీళ్ళు 24 లక్షలు. సాల్ట్ లేక్ సిటీ దగ్గర గ్రానైట్ కొండను తొలిచి, లోపల గదుల్లో దాచారు. వాటన్నిటినీ డిజిటల్ చేయడం 2021లో పూర్తయింది. మా ఆఫీసులో వానాకాలం తడిసి అంటుకుపోయిన వాల్యూములు చూసినవాణ్ణి నేను. చెద తిన్న పేజీ ముందు కూర్చుని నకలు రాయలేక కళ్ళనీళ్ళు పెట్టుకున్న రోజులున్నాయి. ఒక రికార్డును కాపాడటానికి కొండను తొలిచారంటే వాళ్ళకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

ఒక్క విషయం మాత్రం ముందే తెలిసి ఉండాలి. ఆ చర్చి సభ్యులు చనిపోయిన తమ పూర్వీకుల పేరున గుడిలో మతపరమైన సంస్కారాలు చేస్తారు. ఈ సేకరణ మొదలవడానికి అదొక ముఖ్య కారణం. మీ పెద్దల పేర్లు ఆ చెట్టులో ఎక్కించాలా వద్దా అన్నది ఇంట్లో మాట్లాడుకుని తేల్చుకోండి. వెతుక్కోవడానికి మాత్రం ఏ పేరూ ఎక్కించనక్కర్లేదు.

సైట్లో మూడు వేర్వేరు గదులు ఉన్నాయనుకోండి. మొదటిది రికార్డులు. పేరు, ఊరు, సంవత్సరం కొడితే ఇండెక్స్ నుంచి తీసి చూపిస్తుంది. రెండోది కేటలాగ్. అందులో ఊరి పేరుతో వెతికితే ఆ ఊరికి ఏ ఏ రిజిస్టర్లు ఉన్నాయో తెలుస్తుంది. మూడోది ఫ్యామిలీ ట్రీ, ప్రపంచం మొత్తానికి ఒకే చెట్టు, ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా మార్చొచ్చు. కొత్తవాళ్ళంతా నేరుగా మూడో గదిలోకి పరిగెత్తుతారు, ఎందుకంటే అక్కడ బొమ్మలు గీసి రెడీగా ఉంటాయి. మీరు అలా చేయకండి. అది దళారి చెప్పే మాట లాంటిది. నిజం కావచ్చు, కానీ దస్తావేజు కాదు. ఆ చెట్టులో ప్రతి మనిషి పేజీలో 'సోర్సెస్', అంటే ఆధారాలు, అని ఉంటుంది. ముందు అది తెరవండి. అక్కడ ఏమీ లేకపోతే ఆ పేరును పెన్సిల్‌తో కూడా రాసుకోవద్దు. మార్పుల జాబితా కూడా ఉంటుంది, ఎవరు ఎప్పుడు ఏం దిద్దారో, ఎందుకు దిద్దారో కనబడుతుంది. మా ఈసీలో, అంటే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌లో, ఒక ఆస్తి మీద జరిగిన లావాదేవీలు వరసగా కనబడినట్టే. ఈ ఏర్పాటు నాకు ఎంతో నచ్చింది.

డేవిడ్ కోసం మొదట రికార్డుల గదిలోకి వెళ్ళాను. ఇండియాకు సంబంధించిన పుట్టుకలు, బాప్తిస్మాల ఇండెక్స్ పేరులోనే సంవత్సరాలు ఉన్నాయి: 1786 నుంచి 1947. మన పిల్లాడు 1684. అంటే ఆ ఇండెక్స్ మొదలవడానికి నూరేళ్ళ ముందు. అందులో ఎంత వెతికినా దొరకడు. ఇలాంటప్పుడు చాలామంది పేరు మార్చి మార్చి కొడుతూ టెన్షన్ పడతారు. ముందు కలెక్షన్ పేరు చివర ఉన్న సంవత్సరాలు చదవండి, సగం రాత్రులు మిగులుతాయి. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో కంపెనీ కాలపు చర్చి రిజిస్టర్ల నకళ్ళు ఉన్నాయి గానీ, మద్రాసువి 1698 నుంచే మొదలు. కాబట్టి ఈ బిడ్డకు మిగిలింది రెండే ఆధారాలు: కోటలోని సెయింట్ మేరీస్ చర్చి సొంత రిజిస్టరు, లా కాలేజీలోని రాయి.

ఆ స్థలం గురించి ఒక మాట. 1639లో ఇంగ్లీషు వాళ్ళు ఇసుక తీరం మీద ఆ భూమిని తీసుకున్నది మన దామెర్ల నాయకుల దగ్గర. చెన్నపట్నం అన్న పేరు ఆ నాయకుల తండ్రి చెన్నప్ప పేరు. నేనైతే దాన్ని మద్రాసు మొదటి లింకు డాక్యుమెంటు అంటాను. సెయింట్ మేరీస్ చర్చి 1680 అక్టోబరు 28న తెరిచారు. వారం తిరగగానే, నవంబరు 4న, ఆ రిజిస్టర్లో మొట్టమొదటి పెళ్ళి ఎక్కింది. పెళ్ళికొడుకు ఎలీహూ యేల్. పెళ్ళికూతురు కేథరిన్ హిన్మర్స్.

ఇక్కడ నేను మూడు రాత్రులు పోగొట్టుకున్నాను. కేథరిన్ హిన్మర్స్ పుట్టింటి వాళ్ళని ఇంగ్లండంతా వెతికాను. ఒక్కరూ అతకలేదు. నాలుగో రాత్రి తట్టింది, ఆవిడ విధవరాలు. హిన్మర్స్ అన్నది మొదటి భర్త ఇంటిపేరు. ఆయన జోసెఫ్ హిన్మర్స్, కోట కౌన్సిల్లో పెద్ద హోదాలో ఉన్నవాడు, అదే 1680 మే నెలలో పోయాడు. ఆవిడ పుట్టింటి పేరు ఎల్‌ఫర్డ్. దస్తావేజులో 'ఫలానా వారి భార్య' అని రాసి పుట్టింటి పేరు వదిలేస్తే వారసత్వం తేల్చేటప్పుడు ఎంత చిక్కో మా వృత్తిలో అందరికీ తెలుసు. ఇంత అనుభవం ఉండీ నాకే మూడు రాత్రులు పట్టింది. వెతికేటప్పుడు ఆడవాళ్ళ విషయంలో మొదటి ప్రశ్న 'ఇది రెండో పెళ్ళా?' అనే వేసుకోండి.

ఇంకో సంగతి తెలిసి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. ఆ జోసెఫ్ హిన్మర్స్ సమాధి కూడా అదే. కోసుగా ఉన్న ఆ కట్టడం మొదట ఆయనది. కేథరిన్ తన బిడ్డను తన మొదటి భర్త పక్కన పడుకోబెట్టింది. పరాయి దేశంలో ఆ తల్లికి తనవాళ్ళ చోటు అదొక్కటే అయ్యుంటుంది. చుట్టూ ఒకప్పుడు పెద్ద శ్మశానం ఉండేది. 1758 చివర ఫ్రెంచివాళ్ళు కోటను ముట్టడించినప్పుడు ఆ సమాధులను చాటుగా వాడుకున్నారు. ఆ తర్వాత ఇంగ్లీషు వాళ్ళు అక్కడి రాళ్ళన్నీ తీసి సెయింట్ మేరీస్ చర్చి చుట్టూ పరిచారు. శ్మశానంలో మిగిలినవి రెండే కట్టడాలు. ఒకటి ఇది.

సరే, తండ్రి వైపు. ఇక్కడి నుంచి సైట్ నిజంగా ఉపయోగపడింది. ఎలీహూ 1649లో అమెరికాలోని బోస్టన్‌లో పుట్టాడు. తండ్రి పేరు డేవిడ్ యేల్, తల్లి అర్సులా నైట్. చూశారా, మద్రాసు పిల్లాడికి పెట్టింది తాత పేరు. తర్వాత పుట్టిన ఆడపిల్లల్లో ఒకరు కేథరిన్, తల్లి పేరు. ఇంకొకరు అర్సులా, నాయనమ్మ పేరు. మన ఇళ్ళల్లో ఎలా చేస్తామో అచ్చం అలాగే. పేర్లు తిరగడం పట్టుకుంటే ఏ కొమ్మలో వెతకాలో తెలుస్తుంది. కానీ పేరు కలిసింది కదా అని లింకు రాసేయకూడదు. ఒకే ఊళ్ళో ముగ్గురు సుబ్బారెడ్లు ఉన్నచోట దస్తావేజు రాసినవాణ్ణి, నాకు ఆ భయం ఎప్పుడూ ఉంటుంది.

ఎలీహూకు మూడేళ్ళున్నప్పుడు కుటుంబం బోస్టన్ వదిలి ఇంగ్లండ్ వెళ్ళిపోయింది. మళ్ళీ ఆయన అమెరికా గడప తొక్కలేదు. 1672లో కంపెనీ గుమాస్తాగా మద్రాసులో దిగాడు. 1718లో ఆయన పంపిన సరుకులు అమ్మితే 562 పౌన్లు వచ్చాయని, అమెరికాలోని ఒక చిన్న కాలేజీకి ఆయన పేరు పెట్టారు. అదే యేల్ యూనివర్సిటీ. మన పిల్లలు సీటు కోసం తపించే చోటు. ఆ డబ్బు పుట్టింది మన తీరంలో.

తాత డేవిడ్ తండ్రి థామస్ యేల్, 1619లో పోయాడు. ఆయన భార్య ఆన్ లాయిడ్ పిల్లలతో మిగిలి, థియోఫిలస్ ఈటన్‌ని రెండో పెళ్ళి చేసుకుంది. 1637లో అంతా ఓడెక్కి అమెరికా వెళ్ళారు. మరుసటి ఏడు ఈటన్ న్యూ హేవెన్ అనే ఊరు కట్టాడు, దానికి మొదటి గవర్నరు అయ్యాడు. ఇక్కడ జాగ్రత్త. గవర్నరు కదా అని ఈటన్‌ని తాతల జాబితాలో ఎక్కించడానికి చెయ్యి ఉవ్విళ్ళూరుతుంది. ఆయన మారు తండ్రి. రక్తసంబంధం లేదు. రక్తసంబంధం ఉన్నది థామస్‌తో. వేల్స్ మనిషి, ఎప్పుడో పోయాడు, పేరు ప్రఖ్యాతి లేనివాడు. పేరున్నవాణ్ణి పక్కనపెట్టి పేరులేనివాణ్ణి రాయగలిగితేనే అది వంశవృక్షం అవుతుంది.

ఆ ఇంట్లో ఒక ఆడపిల్ల గురించి చెప్పకుండా ఉండలేను. డేవిడ్ తాతకు చెల్లెలు కావచ్చు అక్క కావచ్చు, పేరు ఆన్. కనెటికట్ గవర్నరు ఎడ్వర్డ్ హాప్కిన్స్ భార్య. మసాచుసెట్స్‌కు చాలాసార్లు గవర్నరుగా చేసిన జాన్ విన్‌త్రాప్ 1645లో తన డైరీలో ఆవిడ గురించి రాశాడు: అతిగా చదివి, పుస్తకాలు రాసి మతి పోగొట్టుకుందని, ఇంటి పని చూసుకుని ఉంటే బాగుండేదని. ఆవిడ ఏం రాసిందో ఒక్క పేజీ మిగల్లేదు. మతి పోయిందన్న మాట మాత్రం 380 ఏళ్ళు నిలిచింది. రికార్డు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాటే నిలుస్తుంది.

ఆన్ లాయిడ్ తండ్రి జార్జ్ లాయిడ్, 1605 నుంచి 1615 వరకు చెస్టర్ బిషప్. ఆయన పేరుతో పిలిచే ఇల్లు చెస్టర్‌లో ఇంకా నిలబడి ఉంది. థామస్ తండ్రి ఇంకో డేవిడ్ యేల్, డాక్టర్ డేవిడ్ అంటారు, అదే చెస్టర్ బిషప్ కింది ప్రాంతానికి (డయోసిస్ అంటారు) చాన్సలర్, అంటే చర్చి కోర్టు జడ్జి. ఇద్దరూ ఒకే ఆఫీసు మనుషులు, వియ్యంకులయ్యారు. సంబంధం ఎలా కుదిరి ఉంటుందో మనకు ఊహించుకోవడం కష్టం కాదు. పదవుల్లో ఉన్నవాళ్ళు కాబట్టి వీళ్ళకు కాగితం పుష్కలం. ఇంగ్లండ్, వేల్స్ చర్చిల్లో పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు రాయాలని 1538లో ఎనిమిదో హెన్రీ కాలంలో ఉత్తర్వు వచ్చింది. 1598 నుంచి ప్రతి ఏడాదీ ఒక నకలు బిషప్ ఆఫీసుకు పంపాలన్నారు. అసలు రిజిస్టరు పోయినచోట ఈ నకళ్ళే దిక్కు. కేటలాగ్‌లో ఊరి పేరు కొట్టి 'బిషప్స్ ట్రాన్‌స్క్రిప్ట్స్' అన్నది కూడా తప్పకుండా చూడండి. వేల్స్ వీలునామాలు మాత్రం వేల్స్ జాతీయ గ్రంథాలయం సైట్లో ఉచితంగా చూడొచ్చు, 1858కి ముందువి.

అక్కడి నుంచి పైకి పోతే ఇంటిపేరే ఉండదు. వేల్స్‌లో పాత కాలంలో 'ఫలానా ఆప్ ఫలానా' అనేవాళ్ళు, ఆప్ అంటే కొడుకు. యేల్ అన్నది ఈయాల్ అనే ప్రాంతం పేరు. డెన్బీషైర్‌లో ఎత్తు నేలలు. ఊరి పేరే ఇంటిపేరు అయింది. కందుకూరు నుంచి వచ్చినవాళ్ళు కందుకూరి వారు, వేమూరు నుంచి వచ్చినవాళ్ళు వేమూరి వారు అయినట్టే. ఈ సంగతి బావకు ఫోన్ చేసి చెబితే చాలా సంతోషపడ్డాడు. "అంటే యేలూరి వారు లాంటిదన్నమాట బావా" అన్నాడు.

నేను అక్కడ ఆపేశాను. ఇంకా పైకి వేల్స్ రాజుల దాకా వెళ్ళే వృక్షాలు ఉన్నాయి. నా చేతికి కాగితం అందలేదు కాబట్టి నేను రాయలేదు. పిల్లాడు డేవిడ్, తండ్రి ఎలీహూ, తాత డేవిడ్, ముత్తాత థామస్, ఆయన తండ్రి డాక్టర్ డేవిడ్. అయిదు తరాలు, వరసగా. నేను తద్దినం పెట్టేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత అని మూడు పేర్లు చెబుతాను. నాలుగోది నాకు రాదు.

సైట్ వాడకంలో తెలిసిన చిన్న చిన్న సంగతులు. స్పెల్లింగ్ పట్టుబట్టకండి. ఆ రోజుల్లో ఒకే మనిషి పేరు నాలుగు రకాలుగా రాసేవారు. పేరులో అనుమానం ఉన్న అక్షరం బదులు ప్రశ్నార్థకం, అనుమానం ఉన్న ముక్క బదులు నక్షత్రం గుర్తు పెడితే అన్నీ తీసి చూపిస్తుంది. ఇండెక్స్‌లో ఒక్క వరస చూసి ఊరుకోకుండా, అసలు పేజీ బొమ్మ ఉంటే తెరిచి చదవండి. సాక్షుల పేర్లు, పక్క ఎంట్రీలు అందులోనే ఉంటాయి. కొన్ని బొమ్మలకు తాళం గుర్తు ఉంటుంది. రికార్డు సొంతదారులతో ఒప్పందం వల్ల అవి ఇంటి నుంచి తెరుచుకోవు, ఫ్యామిలీసెర్చ్ సెంటర్‌కో, వాళ్ళతో కలిసి పనిచేసే లైబ్రరీకో వెళ్ళాలి. జాబితా సైట్లోనే ఉంది. ఫోన్‌లో పాత చేతిరాత చదవడం కళ్ళకు శ్రమ, కంప్యూటర్ ముందు కూర్చోండి. ఆ కాలపు చేతిరాతలో 'ఎస్' అక్షరం 'ఎఫ్' లాగా పొడుగ్గా ఉంటుంది. వారం రోజులకు అలవాటవుతుంది, మన పాత గొలుసుకట్టు రాత అలవాటైనట్టే.

ఇక మిగిలిన ఒక్క మాట. ఇది రాయకపోతే ఈ రివ్యూ సగమే.

ఎలీహూ కుటుంబం గురించి వెతుకుతుంటే ఒక తైలవర్ణ చిత్రం కనిపించింది. న్యూ హేవెన్‌లోని యేల్ సెంటర్ ఫర్ బ్రిటిష్ ఆర్ట్‌లో ఉంది. సుమారు 1719 నాటిది, జాన్ వెరెల్స్ట్ వేసిందని అంటారు. బల్ల చుట్టూ ఎలీహూ, ఆయన అల్లుడు, ఇంకా కొందరు పెద్దమనుషులు. వెనక తోటలో మనవలు ఆడుకుంటున్నారు. కుడి పక్కన, పెద్దల సేవకు నిలబడి ఇంకో పిల్లాడు. పదేళ్ళుంటాయేమో. మంచి కోటు వేశారు. కోటు పైన మెడకు లోహపు పట్టీ, దానికి తాళం. నేను స్క్రీన్ మీద పెద్దది చేసి చూశాను. తాళం స్పష్టంగా కనిపిస్తుంది, చిత్రకారుడు శ్రద్ధగా వేశాడు. 2020లో మ్యూజియం ఆ చిత్రాన్ని గోడ మీంచి దించి, ఆ బిడ్డ ఎవరో తెలుసుకోవడానికి పరిశోధన చేయించింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళ గురించి చాలా తేలింది. ఆ బిడ్డ పేరు దొరకలేదు. ఆఫ్రికా బిడ్డో, మన వైపు బిడ్డో కూడా తేలలేదు.

మద్రాసు కోట నుంచి 1687లో ఒక్క నెలలోనే కనీసం 665 మందిని బానిసలుగా ఓడలెక్కించారని చరిత్రకారులు లెక్క తేల్చారు. మన పిల్లాడు డేవిడ్ బతికున్న ఏడాది అది. వాళ్ళ లెక్క మాత్రమే రాశారు, పేర్లు రాయలేదు.

ఒక రాత్రి ఫ్యామిలీసెర్చ్ పేజీ తెరిచి ఆ తాళం పిల్లాడి కోసం వెతుకుదామని కూర్చున్నాను. మొదటి గడి, పేరు. ఖాళీ. రెండోది, ఇంటిపేరు. ఖాళీ. పుట్టిన ఊరు, ఖాళీ. తండ్రి పేరు, తల్లి పేరు, ఖాళీ. సంవత్సరం గడిలో 1709 అని కొట్టి, మళ్ళీ చెరిపేశాను. చాలాసేపు ఆ పేజీ అలాగే ఉంచి లైటు ఆర్పాను. ఇది ఆ సైట్ లోపం కాదు. 24 లక్షల రీళ్ళు తీసినా, ఎవరూ రాయనిది ఫిల్ముకు ఎక్కదు కదా.

నేను అయిదుకు నాలుగు చుక్కలు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒకటి, అందరూ దిద్దే చెట్టును కొత్తవాళ్ళ ముందే పెట్టినందుకు. రికార్డుల గదికి, కేటలాగ్‌కి అయితే అయిదుకు అయిదు.

మన తెలుగు కుటుంబాల సొంత వంశం కోసం మాత్రం ఈ సైట్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. అందులో హరిద్వార్, కురుక్షేత్రం పండాల బహీలు, అంటే అక్కడి పురోహితులు యాత్రికుల వంశాలు రాసుకున్న పుస్తకాలు ఉన్నాయి, ఉత్తరాది వాళ్ళకు అది నిధి. మనకు వేరే దారి ఉంది. మీ పెద్దలకు ఇనాం భూమి ఉండి ఉంటే, 1858లో మొదలైన ఇనాం కమిషన్ విచారణలో తయారైన ఇనాం ఫెయిర్ రిజిస్టరు అడగండి. మేం ఐఎఫ్ఆర్ అంటాం. ఊరి వారీగా ఉంటుంది. అప్పుడు అనుభవంలో ఉన్నవాళ్ళ పేర్లు, వయసు, వరస, మొదట దానం పొందినవారి పేరు కాలమ్‌లలో రాసి ఉంటాయి. భూమి పోయినా పేర్లు అందులో ఉంటాయి.

మా బావ ముత్తాతకు నెల్లూరు జిల్లాలో కొద్దిగా ఇనాం ఉండేదని వాళ్ళమ్మ చెప్పేది. గ్రామం పేరు తెలుసు. వచ్చే సోమవారం నెల్లూరు వెళ్ళి రికార్డు రూములో నకలుకు అర్జీ పెడుతున్నాం. అర్జీ నేనే రాశాను. బావ అటకమీది ఫ్రేము దించి తుడిచి, లోపలి బొమ్మ తీసేసి, ఖాళీ ఫ్రేము పక్కన పెట్టుకున్నాడు.